సౌర విద్యుత్తు – ఇరువదియైదేండ్ల కౌలు

సూర్యరశ్మి నుండి విద్యుత్తును తీయుటకు విశాలమైన చోటు కావలెను. ఒక మెగావాటు ఫలకములకు నాలుగైదు ఎకరములు పట్టును. ఏటికి సుమారు 15 లక్షల యూనిట్లు వచ్చును. రామగుండమున ఎన్‌టీపీసీ సంస్థ 2022లో 100 మెగావాట్ల ఫలకములను జలాశయముపైననే తేల్చినది. మెట్‌పల్లి వంటి ప్రాంతపు గ్రామములలో మాత్రము అందులకు రైతు చెలకయే కావలెను.

2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకము రైతులను, సహకార సంఘములను, పంచాయతీలను ఇందు కర్హులను జేసినది. అర మెగావాటు మొదలు రెండు మెగావాట్ల వరకు స్థాపించవచ్చును. సబ్‌స్టేషనుకు ఐదు కిలోమీటర్లలోపు స్థలము మేలు. పంపిణీ సంస్థ ఆ విద్యుత్తును 25 సంవత్సరములు కొనును.

పెట్టుబడి లేని రైతు భూమిని కౌలున కీయవచ్చును. కాని 25 ఏండ్లనగా ఒక తరము. నేటి పడుచు కొడుకు నడివయసు వాడైనగాని ఆ నేల మరల నాగలికి రాదు. కావున మేము మూడు మాటలు చెప్పుచున్నాము.

వరి, పసుపు పండు నేలను విడిచి బీడునే యీయుడు. కౌలు ఎకరమునకింతయో, యూనిట్టుకింతయో వ్రాయించుకొనుడు. దానిని పంపిణీ సంస్థయే నేరుగా రైతు ఖాతాలో జమచేయునట్లు కోరుటకు పథకమున వీలు కలదు. గడువు తీరిన పిదప ఫలకములను, దిమ్మెలను తొలగించు ఖర్చెవరిదో ముందే తేల్చుకొనుడు.

సంతకమునకు ముందు పత్రమును సంఘమున నలుగురి యెదుట చదివించుడు. ఒక దినము ఆలస్యమైనను నష్టము లేదు. తొందరపడినచో ఇరువదియైదేండ్లు అనుభవింపవలసి వచ్చును.