కత్తి కొనేముందు ఉక్కును అడగండి: వర్ని వంటిళ్ళకు కొన్ని చిట్కాలు

కూరగాయల కత్తిని మెరుపు చూసి, పిడి చూసి, ధర చూసి కొంటాం. అది ఏ ఉక్కుతో చేసిందని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా దుకాణంలో వచ్చే జవాబు ఒకటే: "స్టీలే అమ్మా, జంగు పట్టదు." వర్ని చుట్టుపక్కల ఏ ఇల్లు చూసినా మూడు నాలుగు రకాల ఉక్కు కనబడుతుంది. కమ్మరి చేసిన కొడవలి, నానమ్మ నాటి కత్తిపీట, సంతలో కొన్న చాకు, పట్నంలో ఉద్యోగం చేసే పిల్లలు ఫోన్‌లో తెప్పించిన జపాన్ పేరు కత్తి. ఒక్కోదాని గుణం ఒక్కో తీరు. అన్నిటినీ ఒకే తీరుగా వాడితే అన్నీ పాడవుతాయి.

1. ఉక్కుకు మూడు గుణాలు. మూడూ నిండుగా ఒకే కత్తిలో దొరకవు. పదును నిలవాలంటే ఉక్కు గట్టిగా ఉండాలి. దెబ్బ తగిలినా పెచ్చు లేవకూడదంటే కొంత సాగే గుణం ఉండాలి. జంగు పట్టకూడదంటే క్రోమియం కలవాలి. గట్టితనం ముఖ్యంగా కార్బన్ వల్ల వస్తుంది. క్రోమియం పదిన్నర శాతం దాటితేనే స్టెయిన్‌లెస్ అంటారు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు తొందరగా అరిగిపోకుండా చూడబోయి ఈ ఉక్కును పోయించాడు. అందులో క్రోమియం దాదాపు 13 శాతం, కార్బన్ పావు శాతం. షెఫీల్డ్ అసలే కత్తులకు పేరున్న ఊరు. ఇతను చేయించేవి కోయని కత్తులని అక్కడివాళ్ళే ఎగతాళి చేశారు. నేటి చవక చాకులు కొన్నిటికి ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది.

2. సంతకు పోయేటప్పుడు చిన్న అయస్కాంతం బిళ్ళ వెంట ఉంచుకోండి. కంచాలు, గ్లాసులు చేసే 304 రకం ఉక్కులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. జంగు పట్టదు, నిజమే. కానీ దాన్ని ఎర్రగా కాల్చి ముంచినా గట్టిపడదు. అలాంటి రేకుతో చేసిన కత్తి పెరుగన్నం కలుపుకోవడానికే పనికొస్తుంది. దానికి అయస్కాంతం అంటుకోదు, అంటుకున్నా బలహీనంగానే. కోసే కత్తికి గట్టిగా అతుక్కోవాలి. అయితే అతుక్కున్న ప్రతి కత్తీ మంచిదే అనుకోవద్దు. ఇది చెత్తను ఏరెయ్యడానికి మాత్రమే.

3. బ్లేడు మీద, అట్ట మీద రాసిన అంకెలు చదవండి. 420 అని ఉంటే మెత్తని రకం: కార్బన్ ఎక్కువలో ఎక్కువ 0.4 శాతం. జంగు పట్టదు, తేలిగ్గా నూరుకోవచ్చు, అంతే తేలిగ్గా మొద్దుబారుతుంది. 1.4116 అంటే జర్మనీ వంటకత్తుల ఉక్కు: కార్బన్ అర శాతం, క్రోమియం 15 శాతం. మన ఇళ్ళలో జరిగే మొరటు వాడకానికి నా ఓటు దీనికే. 440లో ఏ, బి, సి అని మూడున్నాయి; కార్బన్ దాదాపు ఒక శాతం దాకా ఉండేది సి ఒక్కటే. అక్షరం లేకుండా ఉత్త 440 అని రాస్తే ఏ రకమే అనుకోండి. వీజీ10 జపాన్‌ది: కార్బన్ ఒక శాతం, క్రోమియం 15 శాతం, పదును చాలా రోజులు నిలుస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. వైట్ స్టీల్, బ్లూ స్టీల్ అని అమ్మే జపాన్ రకాలు స్టెయిన్‌లెస్ కావు. కడిగి తడితో వదిలేస్తే తెల్లారేసరికి జంగు చూపిస్తాయి. ఇక "హై కార్బన్ స్టెయిన్‌లెస్" అని రాసి ఏ అంకే వెయ్యని కత్తి గురించి, ఆ రాసినవాళ్ళకే తెలియాలి.

కొన్ని అట్టల మీద హెచ్.ఆర్.సి. అని ఇంకో అంకె ఉంటుంది. అది రాక్‌వెల్ గట్టితనం. 52, 53 అంటే వారానికోసారి నూరాలి. 55 నుంచి 58 రోజువారీ వంటకు సుఖం. 60 దాటితే పదును బాగా నిలుస్తుంది, కానీ ఎముక తగిలితే పెచ్చు లేస్తుంది, మామూలు రాయికి లొంగదు.

4. కమ్మరి దగ్గర చేయించుకుంటే ఏ ఇనుము పెడుతున్నాడో ముందే మాట్లాడుకోండి. నిజాంసాగర్ కాలువ కింది వరిపొలాల్లోకి కోత మిషన్లు వచ్చాక కొలిమికి కొడవళ్ళ పని తగ్గింది. చేయి తిరిగిన కమ్మరి ఉంటే మాత్రం వదులుకోవద్దు. పాత లారీ కమాను పట్టీ అడగండి. అందులో కార్బన్ అర శాతం పైన ఉంటుంది, వంగి మళ్ళీ లేచే గుణం ఉంటుంది. కత్తిపీటకు, మాంసం కత్తికి, చెరుకు నరికే కత్తికి అంతకు మించింది అక్కర్లేదు. ఇల్లు కట్టగా మిగిలిన సలాక ముక్క తీసుకుపోయి దీంతో చెయ్యమని ఇవ్వకండి. స్లాబు సలాకలో కార్బన్ పావు శాతం దగ్గరే ఉంటుంది, ఎంత కాల్చి ముంచినా పదును నిలవదు.

చివర్లో ముంచేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. పని తెలిసినవాడు మొత్తం కత్తిని ఒక్కసారి నీళ్ళలో పడెయ్యడు. వాదర వైపు మాత్రం ముంచి తీస్తాడు. రాయి మీద రుద్ది తెల్లబరిస్తే, వీపులో మిగిలిన వేడి మెల్లగా అంచుకు పాకుతూ వాదర మీద ఎండుగడ్డి రంగు తేలుతుంది. ఆ రంగు కనబడగానే మళ్ళీ ముంచుతాడు. నీలం తిరిగేదాకా ఆగితే వాదర మెత్తబడుతుంది. రంగు తేలకముందే చల్లారిస్తే గాజులా పెళుసవుతుంది. కత్తి మంచిచెడ్డలన్నీ ఆ కొన్ని క్షణాల్లో తేలిపోతాయి.

5. అందుకే ఉక్కు పేరుకన్నా దాన్ని కాల్చిన తీరు ముఖ్యం. మంచి వీజీ10ను తప్పుగా కాలిస్తే బాగా కాల్చిన 420 కూడా దానికంటే నయం. ఈ సంగతి మన జిల్లాకు కొత్త కాదు. జిల్లాకు తూర్పు వైపున కమ్మర్‌పల్లి దగ్గరున్న కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకు దేశదేశాల్లో పేరుపడ్డ ఊరు. 1820ల మొదట్లో త్రికోణమితి సర్వేతో తిరుగుతున్న వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్సీ అక్కడి పనిని కళ్ళారా చూసి రాసిపెట్టాడు; ఆ వ్యాసం ఆయన పోయాక 1832లో కలకత్తాలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును పాళ్ళు చూసి మూసల్లో పెట్టి, రాత్రింబవళ్ళు కొలిమి ఆరకుండా ఊదేవాళ్ళు. మూసలోంచి తీసిన ముద్ద సుత్తికి లొంగనంత గట్టిది. దానికి మట్టి మెత్తి గంటల తరబడి సెగ చూపించి, చల్లార్చి, మళ్ళీ సెగకు పెట్టి దారికి తెచ్చేవాళ్ళు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు అంత దూరం వచ్చి ఊళ్ళో కూర్చుని ఆ ఉక్కు కొనేవాడు. ఇలాంటి భారతీయ ఉక్కునే లండన్‌లో మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ కలిసి ప్రయోగశాలలో తిరగేసి చూశారు.

6. "డమాస్కస్" గీతలు చూసి మోసపోకండి. కోనసముద్రం లాంటి చోట్ల పుట్టిన మూస ఉక్కుతో పశ్చిమాసియాలో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు ఉక్కు లోపలి నుంచే వచ్చేవి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం రెండు రకాల ఉక్కుల్ని పొరలు పొరలుగా అతికించి ఆమ్లంతో గీతలు తేల్చినవి. అది మోసం కాదు. నడుమ పెట్టిన ఉక్కు మంచిదైతే కత్తీ మంచిదే. మోసమల్లా మామూలు మెత్తని రేకు మీద లేజర్‌తో గీతలు అచ్చేసి అమ్మేది. బ్లేడును వీపు వైపు నుంచి చూడండి. పొరలు నిజమైతే గీతలు అక్కడ కూడా సాగుతాయి. అచ్చేసినవి అంచు దగ్గర టక్కున ఆగిపోతాయి.

7. కార్బన్ ఉక్కు నల్లబడితే గాబరా పడకండి. మామిడికాయ, చింతకాయ, నిమ్మకాయ కోస్తే కమ్మరి కత్తి మీద నీలం, బూడిద, నలుపు మచ్చలు వస్తాయి. అది ఒక పొర. ఏర్పడ్డాక ఎర్ర జంగును కొంత ఆపుతుంది. దాన్ని పీచు పెట్టి తోమి తోమి తెల్లగా చెయ్యడం పనిలేని పని. పోగొట్టాల్సింది ఎర్ర జంగును మాత్రమే: వంటసోడాలో నాలుగు చుక్కల నీళ్ళు కలిపి ముద్దగా రాసి, కాసేపాగి, సగం కోసిన ఆలుగడ్డతో రుద్దండి. అయితే కొత్త కార్బన్ కత్తితో వంకాయ, అరటికాయ కోస్తే ముక్కలు నల్లబడతాయి, పచ్చి మామిడికి ఇనుము వాసన కూడా అంటవచ్చు. అలాంటివాటికి స్టెయిన్‌లెస్ కత్తే వాడండి.

8. స్టెయిన్‌లెస్‌కూ జంగు పడుతుంది. దాని శత్రువు ఉప్పు. ఊరగాయ ముక్కలు కోసిన కత్తిని సింకులో రాత్రంతా వదిలేస్తే సూది మొనంత గుంటలు పడతాయి, అవి ఇక పోవు. గట్టి ఉక్కుల్లో కార్బన్ ఎక్కువ కాబట్టి క్రోమియంలో కొంత దానితోనే చిక్కుకుపోతుంది. అందుకని ఖరీదైన కత్తే కొన్నిసార్లు ముందు మచ్చపడుతుంది.

9. ఎముకకు వేరే కత్తి పెట్టండి. బడాపహాడ్ దర్గాకు పోయి కందూరు చేసుకునేవాళ్ళు, ఆదివారం మాంసం ఇంట్లోనే కొట్టుకునేవాళ్ళు సన్నని జపాన్ కత్తి దగ్గరికి కూడా పోవద్దు. బరువున్న కమాను పట్టీ కత్తి తీసుకోండి, వాదర కాస్త మందంగా పెట్టించుకోండి. ఆవకాయకు టెంకతో సహా కొట్టాల్సిన కాయలూ ఈ లెక్కలోనివే. దానికి మామిడికాయలు కొట్టే కత్తిపీట ఉండనే ఉంది.

10. కింద పెట్టే చెక్క సంగతి. గ్రానైటు గట్టు మీద, స్టీలు పళ్ళెంలో, గాజు పలక మీద కోస్తే ఏ ఉక్కూ నిలవదు. వేప, మామిడి చెక్క ఏదైనా సరే.

11. నూరడం నేర్చుకుంటే సగం ఖర్చు మిగులుతుంది. 1000 నంబరు రాయి ఒకటి కొనుక్కోండి. వాదర బాగా దెబ్బతింటే 400 నంబరు కూడా కావాలి. జర్మన్ తరహా కత్తికి ఒక్కో వైపు 20 డిగ్రీలు, జపాన్ తరహాకు 15. డిగ్రీలు కొలిచే పరికరం అక్కర్లేదు. కత్తి వెడల్పు నాలుగు సెంటీమీటర్లుంటే దాని వీపును రాయి నుంచి ఒక సెంటీమీటరు పైకి లేపితే 15 డిగ్రీలు. ఒకటిన్నరకు కాస్త తక్కువ లేపితే 20. రాయి తడిపి, ఒక వైపు నూరుతూ ఉంటే అవతలి వైపు వాదర వెంట సన్నని గరుకు వేలికి తగులుతుంది. తగిలాకే కత్తిని తిప్పండి. అంతకుముందు తిప్పితే ఎంత నూరినా మొద్దుగానే ఉంటుంది. చాలామంది విసిగి వదిలేసేది ఇక్కడే.

రాయి లేని రోజు పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు పూత లేని అంచు మీద నాలుగుసార్లు లాగితే ఆ పూటకు గడిచిపోతుంది. స్టీలు కడ్డీతో సాన చేసే పని మెత్తని కత్తులకే. అది వంగిన వాదరను నిటారు చేస్తుంది. 60 దాటిన గట్టి కత్తిని దాని మీద లాగితే పెచ్చులు లేస్తాయి.

12. సాన చక్రం దగ్గర కళ్ళు తెరిచి ఉండండి. వీధిలోకొచ్చి సాన పట్టేవాళ్ళలో నేర్పరులున్నారు. తొందరలో చక్రానికి గట్టిగా అదిమితే మాత్రం వాదర మీద నీలం చార పడుతుంది. అంటే అక్కడ ఉక్కు మూడు వందల డిగ్రీల దాకా వేడెక్కి గట్టితనం పోగొట్టుకుంది. ఆ నీలం భాగం అరిగిపోయేదాకా కత్తి సరిగ్గా తెగదు. నడుమ నడుమ నీళ్ళలో ముంచమని మొహమాటం లేకుండా చెప్పండి. గ్యాసు మంట మీద కత్తిని కాల్చే అలవాటున్నవాళ్ళకూ ఇదే మాట.

13. కొడవలి కక్కు అరిగిపోతే రాయి మీద నున్నగా నూరకండి. గడ్డి కోసేది ఆ పళ్ళే. కమ్మరి దగ్గర మళ్ళీ కక్కు కొట్టించాలి.

14. ఇంటికి ఎన్ని కత్తులు కావాలి? ఆరు కత్తుల పెట్టె ఎవరు బహుమతిగా ఇచ్చినా తీసుకోండి, కొనడం మాత్రం వద్దు. 1.4116 లాంటి ఉక్కుతో చేసిన ఒక మంచి కత్తి, కమ్మరి చేసిన ఒక బరువైన కత్తి, ఇంట్లో ఉన్న కత్తిపీట. నూరడం మీద నిజంగా ఇష్టం కలిగాక వీజీ10 గురించి ఆలోచించవచ్చు.

15. వానాకాలంలో కార్బన్ కత్తులకు కడిగి, తుడిచి, వేలితో ఒక చుక్క కొబ్బరినూనె రాయండి. వేరుశనగ నూనె కొన్నాళ్ళకు జిగట కడుతుంది. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి దాచకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది. పొడి గుడ్డలో చుట్టి, పిల్లలకు అందని చోట, వాదర గోడ వైపు ఉండేలా పెట్టండి.