గైడు చెప్పిన మొక్క

సుజాతా,

పీహెచ్‌డీకి హార్న్‌వర్ట్‌లు తీసుకోమని మీ గైడు అంటున్నారనీ, నీకు మనసొప్పడం లేదనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వరి మీద పనిచేస్తే ఉద్యోగానికి భరోసా అని నీ ఆలోచన. తప్పు పట్టను. కానీ ఆ మొక్కను కాదనే ముందు నా మాట కాస్త విను.

బీఎస్సీలో ఆంథోసిరాస్ అని చదివి, బొమ్మ గీసి, పరీక్ష కాగానే మరిచిపోయే మొక్కే ఇది. తడి నేల మీద పచ్చటి రేకులా పరుచుకుని సన్నని కొమ్ములు లేపుతుంది. ఆ కొమ్ము కొన నుంచి చీలి సిద్ధబీజాలు రాలుస్తూనే, అడుగున కొత్త కణాలతో పెరుగుతూ ఉంటుంది. దీని బంధువులైన నాచులకూ లివర్‌వర్ట్‌లకూ ఈ తీరు లేదు. పచ్చి రేకును మైక్రోస్కోపు కింద పెట్టు. చాలా జాతుల్లో కణానికి ఒకటే పెద్ద హరితరేణువు, దాని నడుమ పైరినాయిడ్. నేల మొక్కల్లో పైరినాయిడ్ ఉన్నది వీటికే. రూబిస్కో అనే ఎంజైము దగ్గర కార్బన్ డయాక్సైడ్ పోగుచేసే ఏర్పాటు అది. దాన్ని పంట మొక్కల్లోకి తేవాలని ఇప్పుడు గట్టి ప్రయత్నాలే జరుగుతున్నాయి. నీ వరికి ఇది పరాయి విషయమేమీ కాదు.

పరిణామం సంగతికొస్తే, లివర్‌వర్ట్‌లకు పత్రరంధ్రాలు లేవు. వాటినొక్కటే చూస్తే తొలి నేల మొక్కలకూ లేవనిపిస్తుంది. నాచుల్లో, హార్న్‌వర్ట్‌లలో చాలావాటికి ఉన్నాయి. ఈ మూడూ ఒకే వంశమని జన్యు ఆధారాలు చెబుతున్నాయి గనుక, లివర్‌వర్ట్‌లే వాటిని పోగొట్టుకుని ఉంటాయన్న వాదన బలపడింది. హార్న్‌వర్ట్‌ను పక్కనపెట్టి తొలి మొక్క గురించి తీర్పు చెప్పలేం. అలాగని దీన్ని ‘ఆదిమ మొక్క’ అని మాత్రం రాయకు. వరికి ఎంత చరిత్ర ఉందో దీనికీ అంతే ఉంది. పైరినాయిడ్ కూడా ఈ వంశంలో పలుమార్లు వచ్చి పోయిందని ఒక అంచనా.

పనిముట్లు లేవన్న బెంగ వద్దు. ఆంథోసిరాస్ అగ్రెస్టిస్‌ను ప్రయోగశాలలో నమూనా మొక్కగా పెంచే పద్ధతులు 2015లో వచ్చాయి. జన్యుపటం 2020లో, ఆగ్రోబాక్టీరియంతో జన్యువులు చొప్పించే విధానం 2021లో అందాయి. నాచు జన్యుపటం 2008లోనే వచ్చింది. అంటే ఇక్కడ పోటీ తక్కువ, అడగాల్సిన ప్రశ్నలు ఎక్కువ. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

మన దేశానికి ఈ మొక్కలతో పాత బంధమే ఉంది. లాహోర్‌లో పనిచేసిన శివరామ్ కశ్యప్ పశ్చిమ హిమాలయాల లివర్‌వర్ట్‌ల మీద 1929లో పుస్తకం వేసినప్పుడు వీటినీ వర్ణించారు. పడమటి కనుమల్లోనూ ఇవి పెరుగుతాయి.

ఈ వానల్లో మీ గైడుతో అక్కడికి వెళ్లు. తెచ్చిన నమూనాను ఎండబెట్టక ముందే మైక్రోస్కోపు కింద చూడు. అవునో కాదో ఆ తర్వాతే ఆయనకు చెప్పు.

మీ పెదనాన్న