నూతన గృహసముదాయముల విలువ కట్టుట యెట్లు?

మానవునకు తిండి, బట్టల తరువాత కావలసినది ఇల్లు. "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు పలికిన సామెతలో అనుభవసారము గలదు. నేడు నగరములలో ఇల్లు కట్టి చూచువారి కంటె, ఇతరులు కట్టినదానిని చూచి కొనువారే అధికముగా నున్నారు. మధ్యతరగతి కుటుంబము ఇరువదియేండ్ల సంపాదనను ముందుగనే తాకట్టు పెట్టి ఒక ఫ్లాటును కొనుచున్నది. కాని కొనువారిలో చాలమంది చూచునది ద్వారమునకు వేసిన రంగును, నేలపై పరచిన పాలరాతిని, ఈతకొలనును మాత్రమే. అట్టి చూపునకు కొంత శాస్త్రీయత చేకూర్చుట ఈ వ్యాసము ఉద్దేశము. హైదరాబాదు నగరమున పెరుగుచున్న బహుళాంతస్తుల భవనములను, వరుస ఇండ్లను ఉదాహరణముగా గైకొని, విలువ కట్టుటకు ఉపకరించు అంశములను క్రమముగా పరిశీలింతము.

నేల చరిత్ర

ఇంటిని చూచుటకు ముందు నేలను చూడవలెను. హైదరాబాదు చెరువుల నగరము. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలాది జనులను బలిగొన్నది. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు జలాశయములు కట్టిన నగరముననే కాలక్రమమున అనేక చెరువుల శిఖము భూములు ఇండ్ల స్థలములైనవి. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానలకు పలు కాలనీలు రోజుల తరబడి నీటిలో నుండుట మనము చూచితిమి. నీరు తన పాత దారిని మరువదు.

కావున సముదాయము ఏ చెరువునకు దిగువ నున్నది, ఏ నాలా ప్రక్క నున్నది, అలుగు నీరు ఎటు పోవును అను ప్రశ్నలు మొదటివి. 2012లో వెలువడిన భవన నిర్మాణ నియమముల ప్రకారము పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్ణ జలమట్టపు హద్దు నుండి 30 మీటర్లు, అంతకు చిన్నవైన చెరువుల నుండి 9 మీటర్లు ఖాళీగా విడువవలెను. గ్రామపటమును, రెవెన్యూ రికార్డును తెరచి చూచినవానికి, ఎండకాలమున పొడిగా కనిపించు నేల యొక్క అసలు రూపము తెలియగలదు.

పత్రముల పరీక్ష

రెండవది చట్టపు స్థితి. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టము 2016లో వచ్చినది. దానిలోని ప్రధాన నిబంధనలు 2017 మే 1 నుండి పూర్తిగా అమలైనవి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమున గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని కట్టు సముదాయమును నియంత్రణ సంస్థవద్ద రిజిస్టరు చేయింపక ప్రకటించుటయు, అమ్ముటయు నిషిద్ధము. అయినను అనుమతి రాకమునుపే "ముందుగా కొన్నచో సగము ధర" అని ఆశచూపు బేరములు వినబడుచునే యున్నవి. అట్టి బేరమున తగ్గినది ధర యొక్కటే గాదు, కొనువానికి చట్టమిచ్చిన రక్షణయు తగ్గినదని గ్రహింపవలెను.

అమ్మకపు ఒప్పందము వ్రాసి రిజిస్టరు చేయకమునుపు ధరలో పదవవంతుకు మించి గైకొనరాదు. కొనుగోలుదారుల నుండి వచ్చిన సొమ్ములో 70 శాతము ఆ నిర్మాణమునకును, ఆ భూమి ఖర్చునకును మాత్రమే వినియోగించుటకు ప్రత్యేకమైన బ్యాంకు ఖాతాలో నుంచవలెను. స్వాధీనము చేసిన నాటి నుండి ఐదేండ్లలోపల కట్టడమున లోపము బయటపడినచో, తెలిపిన 30 దినములలో బిల్డరు తన ఖర్చుతో దానిని సరిచేయవలెను. గోడలో పగులు కనబడగానే ఫోటో తీసి, తేదీతో ఉత్తరము వ్రాసి, నకలు దాచుకొనుట వలన ఈ హక్కు పనికివచ్చును. నోటిమాట పనికిరాదు.

విస్తీర్ణమను మాయ

చదరపు అడుగు ధర విని చౌక, ప్రియము అని నిర్ణయించుట సాధారణముగా జరుగు పొరపాటు. అమ్మువారు చెప్పు విస్తీర్ణములో మెట్లు, లిఫ్టు, నడవలు, ప్రవేశశాల మున్నగువాటి వంతు కూడ కలిసియుండును. 2016 చట్టము నిర్వచించిన కార్పెట్ ఏరియా వేరు. ఫ్లాటులో నిజముగా వాడుకొన గల నేలయు, లోపలి అడ్డుగోడల క్రింది నేలయు అందులో చేరును. బయటిగోడలు, గొట్టములు పోవు దారులు, బాల్కనీ, డాబా చేరవు.

ఒక లెక్కను ఊహింతము. మొదటి ఫ్లాటు 1,500 చదరపు అడుగులు, అడుగు ధర 6,000 రూపాయలు. మొత్తము 90 లక్షలు. దాని కార్పెట్ ఏరియా 1,050 అడుగులు. రెండవ ఫ్లాటు 1,400 అడుగులు, అడుగు ధర 6,200. మొత్తము 86 లక్షల 80 వేలు. కార్పెట్ ఏరియా 1,120 అడుగులు. చెప్పిన ధరను బట్టి మొదటిది చౌక. వాడుకొను నేలను బట్టి మొదటిదానికి అడుగునకు సుమారు 8,571 రూపాయలు, రెండవదానికి 7,750 రూపాయలు పడుచున్నది. ఎక్కువ సొమ్మిచ్చి తక్కువ చోటు కొనుట యన నిదియే.

ఫ్లాటా, వరుస ఇల్లా?

కట్టడము ఏటేట పాతబడును, భూమి నిలుచును. కావున కొనువానికి వచ్చు భూమి యెంత అని విచారింపవలెను. రెండెకరములలో, అనగా 9,680 చదరపు గజములలో 200 సమానమైన ఫ్లాట్లున్నచో ఒక్కొక్కరికి వచ్చు అవిభక్తపు వాటా 48 గజములకు కొంచెము పైగా నుండును. అదే స్థలమున దారులకు, తోటకు 40 శాతము విడిచి 150 గజముల చొప్పున వరుస ఇండ్లు కట్టినచో 38 ఇండ్లు మాత్రమే పట్టును. వరుస ఇంటివానికి సొంత నేల, సొంత మెట్లు, పైన సొంత డాబా లభించును. దానికి తగినట్లు ధరయు పెరుగును. కప్పు కారినచో మరమ్మతు భారము తనదే యగును. ఫ్లాటువానికి ఖర్చు పంచుకొను తోడు గలదు. అయితే ఏబదియేండ్ల తరువాత భవనమును కూల్చి తిరిగి కట్టవలసినపుడు ఆ తోడువారందరి సమ్మతియు కావలసివచ్చును. వృద్ధులున్న యింట మూడంతస్తుల వరుస ఇంటి మెట్లు ప్రతిదినము పరీక్షయగును. ఇంటిలోని మనుష్యులను బట్టి వీనిలో నొకదానిని ఎన్నుకొనవలెను.

గాలి, వెలుతురు

జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాసపు గదికి 9.5 చదరపు మీటర్ల విస్తీర్ణమును, 2.4 మీటర్ల వెడల్పును కనీసముగా నిర్దేశించినది. రెండవ గది 7.5 చదరపు మీటర్లకు తగ్గరాదు. కప్పు ఎత్తు 2.75 మీటర్లుండవలెను. వీనిని కొలతటేపుతో ఎవరైనను పరీక్షింపవచ్చును. ఇక సూర్యుని సంగతి. పదునేడవ అక్షాంశము దగ్గర నున్న హైదరాబాదున దక్షిణపు కిటికీకి సాధారణమైన ఛజ్జాయే నీడనిచ్చును. పడమటి ఎండ వాలుగా వచ్చి ఛజ్జా క్రిందుగా గదిలోనికి దూరును. పడమటి గోడనంతయు అద్దముతో కట్టిన పడకగది మే మాసమున కొలిమి యగును. తెలుగువారి మండువా లోగిలియు, నగరపు పాత దేవిడీలలోని సెహను నడుమ ఆకాశమును తెరచియుంచి వేడిని వెళ్లగొట్టినవి. నేటి భవనమున ఆ పనిని ఎదురెదురు కిటికీలు చేయవలెను. 2012 నియమములు 18 మీటర్లు, అంతకు మించిన భవనముల చుట్టును కనీసము 7 మీటర్ల ఖాళీని కోరినవి. అది గాలికిని, అగ్నిమాపక శకటమునకును దారి. అందు కార్లు నిలిపియున్నచో ఆ దారి మూసుకొనిపోయినట్లే.

నీరు, నిర్వహణ

తలకు దినమునకు 135 లీటర్ల చొప్పున, 200 ఫ్లాట్లలో నలుగురేసి నివసించినచో దినమునకు 1,08,000 లీటర్లు కావలెను. బోర్లు ఎండిన వేసవిలో ఇది పదివేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు. నగరపు నీటి కనెక్షను ఎంత, సంపు ఎంత, వాడిననీటిని శుద్ధిచేయు యంత్రము నడుచుచున్నదా లేక చూపుటకు మాత్రమే యున్నదా, వాననీరు ఇంకు గుంటలు ఎన్ని అని అడుగవలెను. నెలకు అడుగునకు 3 రూపాయల నిర్వహణ రుసుమనగా 1,500 అడుగుల ఫ్లాటునకు ఏడాదికి 54,000 రూపాయలు. ఈతకొలను, వ్యాయామశాల అను ఆకర్షణల వెల ఈ రుసుములోనే దాగియున్నది.

మనుష్యుల విలువ

ఇంతవరకు కొలతకు లొంగు విషయములు చెప్పితిమి. కొలతకు లొంగనివి కొన్ని గలవు. చక్రాలకుర్చీ ఎక్కుటకు పండ్రెండడుగులకు ఒక అడుగు చొప్పున లేచు వాలుదారి యున్నదా? ఇండ్లలో పనిచేయు స్త్రీలకు మరుగుదొడ్డి యున్నదా? బస్సు నిలుచు చోటికి నడువ వీలగునా? మతమును బట్టియు, ఆహారమును బట్టియు ఇల్లు లేదను మాట ఆ గేటువద్ద వినబడునా?

ఈ కడపటి ప్రశ్న మన కళాశాల విద్యార్థులకు క్రొత్తది గాదు. 2005లో అహమ్మదాబాదులోని ఒక పార్సీ సహకార గృహనిర్మాణ సంఘము విషయమున సుప్రీముకోర్టు, సభ్యత్వమును ఒక సమాజమునకు పరిమితము చేసిన నియమమును చెల్లుననెను. అనగా ఇరుగుపొరుగు ఎట్లుండవలెనను విషయమున చట్టము చేయగలది కొంతయే. మిగిలినది అందు నివసించు సంఘమువారి చేతిలో నున్నది. ఉర్దూ పలుకు ఇల్లు, తెలుగు పలుకు ఇల్లు ఒకే నడవలో ఎదురెదురుగా నుండి, రంజానునాడు షీర్ ఖుర్మాయు, ఉగాదినాడు పచ్చడియు ఇచ్చిపుచ్చుకొను సముదాయమునకు ఒక విలువ గలదు. ఆ విలువ ఏ దస్తావేజులోను వ్రాయబడదు.

ముగింపు

నేల, పత్రము, విస్తీర్ణము, భూమివాటా, గాలి, నీరు, మనుష్యులు అను ఏడింటిని వరుసగా వ్రాసికొని, చూచిన ప్రతి సముదాయమునకును ఎదుట గుర్తులు పెట్టినచో తేడాలు తామే బయటపడును. ఇందులో మొదటి రెండును చెడినచో తక్కిన ఐదును ఎంత బాగున్నను కొనరాదు. ఏలయన మునిగిన నేలను, చెల్లని పత్రమును తరువాత బాగుచేయుట సామాన్యునకు సాధ్యము గాదు. పెద్దలు ఇల్లు చూడబోవునపుడు విద్యార్థులు కొలతటేపును, కాగితమును పట్టుకొని వెంట వెళ్లవలెనని మా కోరిక. తరగతిలో నేర్చిన గణితము, భూగోళము, పౌరశాస్త్రము ఒక కుటుంబపు జీవితకాల సంపాదనను కాపాడగల సందర్భములలో ఇది యొకటి.