అలసిన మనసుతో నిర్ణయాలు

ఉంగుటూరు నుంచి కొల్లేరు వైపు చేపల, రొయ్యల చెరువులు చేసేవారి దినచర్య మన పాఠకులలో చాలామందికి తెలిసిందే. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది. ఏరేటర్లు ఇంకో గంట తిప్పాలా, ఆపాలా? మబ్బు పట్టింది, మేత తగ్గించాలా? మధ్యాహ్నం వ్యాపారి ఫోను: ఈ కౌంటుకు ఈ ధర, ఇప్పుడే పట్టేస్తారా, ఇంకో పది రోజులు పెంచుతారా? ఇవన్నీ తేల్చుకుని రాత్రి పదింటికి ఇల్లు చేరిన మనిషితో భార్య ఒక మాట చెబుతుంది. అమ్మాయికి ఏలూరు నుంచి సంబంధం వచ్చింది, రేపటికల్లా ఏ మాటా చెప్పమంటున్నారు. అతను చెప్పులు విప్పుతూ “ఏదో ఒకటి కానివ్వండి” అంటాడు.

రొయ్యల ధర గురించి పగలంతా తర్జనభర్జన పడిన తండ్రి, కూతురి నికాహ్ గురించి ఐదు నిమిషాలు ఆలోచించలేకపోయాడు. బిడ్డ మీద ప్రేమ లేకనా? అలసట. మానసిక శాస్త్రజ్ఞులు దీనికి ‘నిర్ణయాల అలసట’ అని పేరు పెట్టారు. మనోబలం వాడేకొద్దీ తరిగిపోతుందన్న సిద్ధాంతాన్ని 2016లో అనేక ప్రయోగశాలలు కలిసి పరీక్షించగా అది గట్టిగా నిలబడలేదు. ఆ వాదన వారికే వదిలేద్దాం. అలసిన మనిషి సరిగా తీర్పు చెప్పలేడని ఇస్లామీయ ధర్మశాస్త్రం ఏనాడో గుర్తించింది. కోపంలో ఉన్న న్యాయమూర్తి ఇద్దరి మధ్య తీర్పు చెప్పరాదని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). ధర్మవేత్తలు ఈ హదీసును ఆధారం చేసుకుని ఆకలి, నిద్రమత్తు, తీవ్ర దుఃఖం వంటి స్థితులకు కూడా అదే నియమాన్ని వర్తింపజేశారు. ఇంటి పెద్ద కూడా తన ఇంటి వరకు న్యాయమూర్తే కదా!

చిన్న విషయాలను చిన్నవిగానే ఉంచడం మనం మరచిపోయిన ఒక సున్నత్. రెండు మార్గాలలో ఒకటి ఎంచుకునే అవకాశం ఉన్నప్పుడు, అందులో పాపం లేనంతవరకు దైవప్రవక్త (సఅసం) సులభమైనదానినే ఎన్నుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ, ముస్లిం). దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలోని ఆవు వృత్తాంతం గుర్తు తెచ్చుకోండి. ఒక ఆవును జిబహ్ చేయమన్నప్పుడు బనీ ఇస్రాయీల్ ఏ ఆవునో ఒకదాన్ని చేసి ఉంటే సరిపోయేది. వయసు ఎంత, రంగేమిటి, అది ఎలాంటిది అని అడిగేకొద్దీ పని కఠినమైపోయింది. ఈ రోజు కూర ఏమిటి, పండుగకు ఏ రంగు బట్టలు అన్నదానిపై ఇంటిల్లిపాదీ గంటసేపు చర్చించుకునే మనం ఈ వృత్తాంతాన్ని కాస్త శ్రద్ధగా చదవాలి. ఈ చర్చల భారం ఎక్కువగా ఇంటి ఆడవారి మీదే పడుతుందన్నది కూడా గమనార్హం.

కొన్ని విషయాలలో అసలు నిర్ణయించుకోవలసిందే లేదు. వడ్డీకి అప్పు తెచ్చి చెరువు వేయాలా అని ఇస్తిఖారా చేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ విషయం షరీఅత్ ఎప్పుడో తేల్చేసింది. ధర్మసమ్మతమైన రెండింటి మధ్య సందిగ్ధం ఏర్పడినప్పుడే ఇస్తిఖారా. దైవప్రవక్త (సఅసం) దీనిని ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా సహచరులకు నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). ఫర్జ్ కాని రెండు రకాతులు, ఆ తర్వాత దుఆ. అంతే. కల వస్తుందని వారాల తరబడి ఎదురుచూడటం ఆ హదీసులో లేదు. కల రాలేదని మరో హజ్రత్ దగ్గరకు పరుగెత్తడం అంతకన్నా లేదు.

ఇక మష్వరా. ఉహుద్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (సఅసం) మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలని భావించారు. అయినా సంప్రదింపులలో ఎక్కువమంది బయటికి వెళదామన్నారు. ఆయన కవచం తొడుక్కుని వచ్చేసరికి వారికి పశ్చాత్తాపం కలిగింది. కాని ఆయన నిర్ణయాన్ని తిరగదోడలేదు. సంప్రదించు, నిశ్చయించుకున్నాక అల్లాహ్‌పై భారం వేయి అన్న ఆలి ఇమ్రాన్ సూరా బోధ ఈ యుద్ధ సందర్భంలోనే అవతరించింది. నిర్ణయం కంటే దాన్ని పదేపదే తిరగదోడడమే మనల్ని ఎక్కువగా నలిపేస్తుంది.

కొల్లేరు ప్రజలకు ఇది అనుభవమే. 1999లో ఐదో కాంటూరు వరకు సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ పరిధిలోని చెరువు గట్లను తెగ్గొట్టారు. పెట్టుబడి నీళ్ళపాలైన వాళ్ళలో ‘ఆ కౌలు తీసుకోకుండా ఉంటే’ అని ఏళ్ళ తరబడి కుమిలినవారు ఎందరో! మేలు చేసేదాని కోసం పాటుపడండి, అల్లాహ్ సహాయం కోరండి, కష్టం వస్తే ‘అలా చేసి ఉంటే’ అనకండి, ఆ మాట షైతాన్‌కు తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (సఅసం) బోధించిన సారాంశం సహీహ్ ముస్లింలో ఉంది. జరిగినదాని నుంచి పాఠం నేర్చుకోవద్దని దీనర్థం కాదు. ఐదో కాంటూరు ఎక్కడుందో కనుక్కున్న తర్వాతే తదుపరి కౌలు కాగితం మీద సంతకం పెట్టాలి.

మళ్ళీ ఆ తండ్రి దగ్గరకు వద్దాం. ఆ రాత్రి అతను చేయగలిగింది చాలా తేలిక. ఏలూరు వారికి ఫోన్ చేసి, “భాయీ, రెండు రోజులు గడువివ్వండి” అని అడగాలి. భోంచేసి, ఇషా నమాజు చేసి పడుకోవాలి. ఏరేటర్ల సంగతి ఆ ఒక్క రాత్రికి తమ్ముడికి అప్పగించాలి. ఫజ్ర్ తర్వాత భార్యతో కూర్చోవాలి. అమ్మాయిని కూడా పిలవాలి, ఎందుకంటే ఆమె సమ్మతి అడగనిదే నికాహ్ చేయరాదు. అబ్బాయి ధార్మికత గురించి అతని మసీదు వాళ్ళను వాకబు చేయాలి. ఇవన్నీ అయ్యాక రెండు రకాతులు చదివి, ఏలూరుకు తానే ఫోన్ చేయాలి.