పేరు రాస్తేనే నిలుస్తుంది



ఇప్పుడు మీరు మీ పేరు రాయగలరు. మీ ఊరి పేరు రాయగలరు. మరి మీ ఊరిలో పుట్టి, పది మందికి పనికొచ్చే పని చేసిన వాళ్ళ పేర్లు రాయమంటే రాస్తారా?

చాలామంది ఇట్లా అంటారు: "మా ఊర్ల పేరున్నోళ్ళు ఎవరున్నరు? అందరం కైకిలి చేసుకునేటోళ్ళమే. పెద్దోళ్ళంతా పట్నంల ఉంటరు."

ఈ మాట నిజమేనా? చూద్దాం.

ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. 2016లో మన జిల్లాలు విడిపోయి చిన్నవయ్యాయి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు అప్పుడు వచ్చాయి. ఈ పాఠంలో నల్లగొండ, పాలమూరు అంటే పాత పెద్ద జిల్లాలే. మహబూబ్‌నగర్‌నే మనం పాలమూరు అంటాం.

"లేరు" అన్నవాళ్ళకు జవాబు

పాలమూరు జిల్లాలో ఇటిక్యాలపాడు అనే ఊరు ఉంది. ఇప్పుడది గద్వాల జిల్లాలోకి వస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి గారిది ఆ ఊరే. ఆయన 1896లో పుట్టారు.

అది నిజాం రాజుల కాలం. కచేరీలలో ఉర్దూ నడిచేది. బడులలో కూడా ఉర్దూయే. ఇంట్లో మాట్లాడే తెలుగుకు బయట విలువ లేదు. అట్లాంటి రోజుల్లో, 1926లో, 'గోలకొండ పత్రిక' మొదలైంది. ప్రతాపరెడ్డి గారు దాన్ని నడిపారు.

ఆ రోజుల్లోనే ఒకరు ఒక మాట రాశారు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఆ మాటకు అర్థం. అది చదివి ప్రతాపరెడ్డి గారికి బాధ కలిగింది. కానీ ఆయన తగాదాకు పోలేదు. తిట్టుకు తిట్టు రాయలేదు. కవుల పేర్లు, పద్యాలు, ఊళ్ళు, వివరాలు సేకరించారు. 1934లో అవన్నీ కలిపి 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. అందులో ఎంతమంది కవులు ఉన్నారో తెలుసా? 354 మంది!

ఆ కవులు అంతకు ముందూ ఉన్నారు. పద్యాలు అంతకు ముందూ ఉన్నాయి. కానీ ఒకచోట రాసి లేవు. అందుకే "లేరు" అనడానికి ఒకరికి నోరు వచ్చింది. రాసి చూపించాక ఆ నోరు మూతపడింది.

ప్రతాపరెడ్డి గారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అనే పుస్తకం కూడా రాశారు. చరిత్ర అంటే రాజుల యుద్ధాలే అనుకుంటాం కదా? ఆయన అట్లా అనుకోలేదు. మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలు ఆడారు, ఏ పండుగలు చేసుకున్నారు అని రాశారు. ఆయన 1953లో కన్నుమూశారు. 1955లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో ఆ బహుమతి పొందిన మొదటి పుస్తకం అదే.

ఐలమ్మ పంట

ఇప్పుడు ఒక ఆడమనిషి సంగతి. ఆమె పేరు చాకలి ఐలమ్మ. ఊరు పాలకుర్తి. ఆ రోజుల్లో పాలకుర్తి ఉన్న జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోదే.

ఐలమ్మకు బడి చదువు లేదు. సుమారు 4 ఎకరాల భూమి కౌలుకు తీసుకుని సాగు చేసుకున్నారు. కులవృత్తి విడిచి రైతుగా బతకడం విసునూరు దేశ్‌ముఖ్‌కు గిట్టలేదు. ఆ భూమి తనదే అన్నాడు. పంట కోసుకు రమ్మని మనుషులను పంపాడు.

ఐలమ్మ భయపడలేదు. సంఘం వాళ్ళు ఆమెకు తోడు నిలిచారు. అందరూ కలిసి పంట కోశారు. ధాన్యం ఐలమ్మ ఇంటికే చేరింది. దొరను చూస్తే "బాంచన్, నీ కాల్మొక్త" అనే కాలం అది. ఒక్క ఆడమనిషి తన గింజలు తన ఇంటికి తెచ్చుకుంది అంటే ఊళ్ళన్నీ ఆ మాటే చెప్పుకున్నాయి. తెలంగాణ రైతుల పోరాటానికి అది బలం ఇచ్చింది.

ఐలమ్మ 1985లో చనిపోయారు. హైదరాబాదు కోఠిలో ఆడపిల్లల పెద్ద చదువుల కోసం ఒక మహిళా విశ్వవిద్యాలయం ఉంది. దానికి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు 2024లో ప్రభుత్వం చెప్పింది. చూశారా! బడికి పోని మనిషి పేరు ఇప్పుడు చదువుల తల్లి గుడి మీద ఉంది.

స్వరాజ్యం చదివిన పుస్తకం

ఆ పోరాటంలో చాలామంది ఆడవాళ్ళు ఉన్నారు. ఆలేరు దగ్గర మంతపురిలో పుట్టిన ఆరుట్ల కమలాదేవి ఒకరు. ఆమె తర్వాత 1952, 1957, 1962 ఎన్నికలలో ఆలేరు నుంచి శాసనసభకు గెలిచారు.

ఇంకొకరు మల్లు స్వరాజ్యం. తుంగతుర్తి వైపు కర్విరాల కొత్తగూడెం ఆమె ఊరు. భూములున్న ఇల్లు. అయినా ఆమె కూలీల పక్షాన నిలబడ్డారు. పాటలు పాడి, మాటలు చెప్పి జనాన్ని కూడగట్టారు. తుపాకీ పట్టారు. ఆమెను పట్టిస్తే 10,000 రూపాయలు ఇస్తామని అప్పటి ప్రభుత్వం చాటింపు వేసింది. ఆమె దొరకలేదు. తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. 2022లో చనిపోయారు.

స్వరాజ్యం చిన్నప్పుడే ఒక పుస్తకం చదివారు. ఆ పుస్తకం పేరు 'అమ్మ'. అది తన మనసులో బాగా నాటుకుందని ఆమె తర్వాత చెప్పారు. ఆ పుస్తకం మన దేశంలో పుట్టింది కాదు. రష్యా దేశానిది. క్రొవ్విడి లింగరాజు గారు దాన్ని తెలుగులోకి తెచ్చారు.

రాసింది మాక్సిం గోర్కీ. ఆయన కూడా రాజధానిలో పుట్టినవాడు కాదు. రష్యాలో వోల్గా అనే పెద్ద నది ఉంది. ఆ నది ఒడ్డున నీజ్నీ నొవ్‌గొరొద్ అనే ఊరు ఉంది. అక్కడ 1868లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు, తల్లి పోయింది. అమ్మమ్మ కథలు చెప్పి పెంచింది. బడి చదువు కొద్ది రోజులే సాగింది. చెప్పుల దుకాణంలో పని చేశాడు. నది మీద తిరిగే పడవలో గిన్నెలు కడిగాడు. అక్కడి వంటవాడు పుస్తకాలు చదవమని అతనికి ఆశ పుట్టించాడు. చదివి చదివి చివరికి తనే రాశాడు. గోర్కీ అంటే వాళ్ళ భాషలో 'చేదు' అని అర్థం. ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడు. 1932 నుంచి 1990 దాకా ఆ ఊరినే 'గోర్కీ' అని పిలిచారు!

'అమ్మ' కథలో ఒక తల్లి ఉంటుంది. పేరు నిలోవ్నా. మొగుడి దెబ్బలు తిని బతికిన మనిషి. మొగుడు చచ్చిపోయాడు. కొడుకు కర్మాగారంలో కూలి. ఆమె వయసు 40 ఏళ్ళు. అప్పుడు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెడుతుంది. మొదట సిగ్గుపడుతుంది. చాటుగా కూడబలుక్కుని చదువుతుంది. తర్వాత ఆ సిగ్గు పోతుంది. భయమూ పోతుంది.

ఎక్కడి వోల్గా, ఎక్కడి కర్విరాల కొత్తగూడెం! అక్కడ రాసిన మాట ఇక్కడి పిల్లను కదిలించింది. రాసిన మాటకు దూరం లేదు.

రాయని పేర్లు

1951 ఏప్రిల్ 18న వినోబా భావే గారు నల్లగొండ జిల్లా పోచంపల్లికి వచ్చారు. ఆ ఊరి హరిజనవాడలో 40 కుటుంబాలు ఉన్నాయి. "మాకు 80 ఎకరాల భూమి కావాలి" అని వాళ్ళు ఆయనను అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. దేశమంతా నడిచిన భూదాన ఉద్యమం అట్లా పుట్టింది. ఆ ఊరు భూదాన్ పోచంపల్లి అయింది.

అడిగించుకున్న వినోబా పేరు అందరికీ తెలుసు. ఇచ్చిన వాళ్ళ పేరు తెలుసు. మరి నోరు తెరిచి అడిగిన వాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు? అడగకపోతే ఇచ్చేది ఉండేదా?

పోరాటం చేసిన ఆడవాళ్ళ సంగతి కూడా చాలాకాలం ఇట్లాగే ఉండిపోయింది. తర్వాత స్త్రీశక్తి సంఘటన అనే బృందం వాళ్ళు ఆ ఆడవాళ్ళ దగ్గర కూర్చుని అడిగారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశారు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంగా వేశారు. ఐలమ్మ మాటలు, స్వరాజ్యం మాటలు అందులో ఉన్నాయి. రాయడం రాని వాళ్ళకూ చెప్పడం వచ్చు. రాసేవాళ్ళు ఒకరు కావాలి, అంతే.

యంత్రానికి తల్లి పేరు

ఇది మన కాలం సంగతి. ఆలేరు మండలంలో శారాజీపేట అనే ఊరు ఉంది. అక్కడ చింతకింది మల్లేశం అనే నేతకారుడు పుట్టారు. తల్లి పేరు లక్ష్మి.

పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారం తిప్పాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు! ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. లక్ష్మికి భుజం నొప్పి పట్టింది. "ఇంక నాతోని కాదు బిడ్డా" అనే బాధ ఎన్నో నేతవారి ఇళ్ళలో ఉండేది.

మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. అయినా ఆసు పోసే యంత్రం చేయాలని 1992లో మొదలుపెట్టారు. అప్పులయ్యాయి. కొందరు నవ్వారు. 1999లో యంత్రం తయారైంది. దానికి 'లక్ష్మీ ఆసు యంత్రం' అని తల్లి పేరు పెట్టారు. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఆయన పెద్ద పట్నం నుంచి రాలేదు. అమ్మ భుజం నొప్పి నుంచి వచ్చారు.

మన ఊరి పట్టీ

పేరున్న వాళ్ళు మన ఊళ్ళలోనే పుట్టారు. కానీ పని ఒక్కటే చాలదు. ఎవరో ఒకరు దాన్ని రాసి పెట్టాలి. లేకపోతే "మీ ఊర్ల ఎవరూ లేరు" అంటారు. మనమూ నమ్ముతాం.

మీ ఊరిలో వందల కాన్పులు చేసిన మంత్రసాని ఉండి ఉంటుంది. కరువు ఏడు కూడా విత్తనం దాచిన అవ్వ ఉండి ఉంటుంది. సారా అంగడి ముందు కూర్చున్న అక్క ఉండి ఉంటుంది. వాళ్ళు చనిపోతే వాళ్ళ సంగతి కూడా పోతుంది. ఇప్పుడు మీకు రాయడం వచ్చు.

కొత్త మాటలు

కౌలు: ఒకరి భూమి తీసుకుని సాగు చేసి, దానికి పైకమో గింజలో కట్టడం
దేశ్‌ముఖ్: నిజాం కాలంలో ఊళ్ళ మీద అధికారం చేసిన పెద్ద భూస్వామి
సంచిక: ఎన్నో రచనలు కలిపి వేసిన పుస్తకం
చరిత్ర: జరిగిపోయిన కాలం సంగతి
ఆసు: చీర నేసే ముందు దారాన్ని వరుసగా చుట్టే పని

చెప్పండి

1. "కవులు లేరు" అన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు ఏం జవాబు ఇచ్చారు?
2. ఐలమ్మ పంట ఎవరి ఇంటికి చేరింది? ఆమెకు తోడు ఎవరు నిలిచారు?
3. నిలోవ్నా ఏ వయసులో అక్షరాలు నేర్చుకుంది? మొదట ఎందుకు సిగ్గుపడి ఉంటుంది?
4. పోచంపల్లిలో భూమి అడిగింది ఎవరు?

చేయండి

1. మీ అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు రాయండి. వాళ్ళు ఏ పనిలో నేర్పరులో రెండు మాటలు రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి.
2. మీ ఊరిలో మంచి పని చేసిన ఐదుగురి పేర్లు రాయండి. అందులో ముగ్గురు ఆడవాళ్ళు ఉండాలి. కేంద్రంలో అందరూ కలిపి ఒక పెద్ద పట్టీ చేసి గోడకు అంటించండి.
3. మీరు సాగు చేసే భూమి కాగితం బయటికి తీయండి. దాని మీద ఎవరి పేరు ఉంది? వేరొకరిని అడగకండి. మీరే చదవండి.