సైన్సు కథను సమీక్షించడం ఎలా?

పత్రికలో ఒక సైన్సు కథ చదివారు. "ఎలా ఉంది?" అని మిత్రుడు అడిగితే "బాగుంది" అని చెప్పి ఊరుకుంటే అది అభిప్రాయమే కాని సమీక్ష కాదు. ఎందుకు బాగుందో కారణాలు చూపినప్పుడే సమీక్ష అవుతుంది. అందుకు మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. కథలోని ఊహ ఏ శాస్త్ర సత్యం మీద నిలిచింది?

జగదీశ్ చంద్ర బోసు 1896లో బెంగాలీలో ఒక కథ రాశారు. ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీలో దానికి బహుమతి వచ్చింది. అందులో కలకత్తా మీదికి రావలసిన తుఫాను హఠాత్తుగా మాయమవుతుంది. కారణం? ఓడలో పోతున్న ఒకాయన సముద్రంలో సీసాడు తలనూనె పోశాడు!

ఇది ఉత్త కోతేనా? కాదు. చెంచాడు నూనె చెరువులో సుమారు అర ఎకరం మేర అలలను అణచిందని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1774లో ప్రకటించారు. నూనె అతి పలుచని పొరగా పరుచుకుని చిన్న అలలను అణచివేస్తుంది.

2. ఆ ఊహను ఎంత దూరం సాగదీశారు?

దివిసీమను ముంచెత్తిన 1977 నాటి తుఫాను గురించి మీ ఇంట్లో పెద్దలను అడగండి. తుఫాను వందల కిలోమీటర్ల మేర విస్తరిస్తుంది. వెచ్చని సముద్రం నుంచి లేచిన ఆవిరి తిరిగి నీరుగా మారేటప్పుడు వెలువడే వేడే దాని బలం. సీసాడు నూనె దానిని ఆపలేదు. అయినా బోసు కథ చెడ్డది కాదు. అది నవ్వించే కథ. సాగదీయడమే అందులోని హాస్యం. కాబట్టి రచయిత ఉద్దేశాన్ని కూడా గమనించాలి.

3. ఆ తరువాత ఏమవుతుంది?

ఒక కథ ఇలా ఉందనుకోండి. పత్తిచేనుకు పురుగు పట్టింది. శాస్త్రజ్ఞుడు కొత్త మందు కనిపెట్టాడు. పురుగులన్నీ చచ్చాయి. రైతు అప్పులు తీరాయి. కథ కంచికి!

రచయిత ఏమి మరిచారు? పురుగులన్నీ ఒకేలా ఉండవు. మందును తట్టుకునే గుణం ఉన్న కొన్ని బతుకుతాయి. వాటి పిల్లలకూ ఆ గుణం వస్తుంది. అదే మందు మళ్ళీ మళ్ళీ కొడితే చివరకు అలాంటివే మిగులుతాయి.

ఇది నిజంగా జరిగింది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకు లొంగలేదు. తెల్లదోమ కూడా విజృంభించింది. పంట పోయింది, అప్పు మిగిలింది. 1987-88లో కొందరు రైతులు ప్రాణాలే తీసుకున్నారు. పై కథ ముగిసిన చోటనే అసలు కథ ఉంది.

అందుచేత "రచయితకు సైన్సు తెలియదు" అని రాయకండి. "మరుసటి ఏడు ఆ చేనులో ఏమయిందో చెప్పి ఉంటే కథ నిలబడేది" అని రాయండి. అది రచయితకూ, పాఠకుడికీ పనికివస్తుంది.

మీరు చేయవలసిన పని: మన మిరపచేల మీద 2021లో నల్ల తామర పురుగు విరుచుకుపడింది. దాని మీద ఒక చిన్న సైన్సు కథ రాయండి. ఈ మూడు ప్రశ్నలతో మీ మిత్రుని చేత సమీక్ష రాయించండి. తరువాత కథను తిరగరాయండి.