పోయినవాటి బొమ్మలున్న పుస్తకాలు

కిరణ్,

నువ్వు పంపిన వేలం కేటలాగు పేజీలు చూశాను. నీ కన్ను పడిన ఆ ఫ్రేము కట్టిన ప్లేటు, నెపోలియన్ పండితుల ‘డిస్క్రిప్షన్ డి లెజిప్ట్’లోది, బొమ్మగా బాగానే ఉంది. కానీ కొనొద్దు. ఆ కాగితం తనంతట తాను ఫ్రేములోకి రాలేదు. ఎవరో ఒక సంపుటం కుట్లు విప్పి, విడివిడిగా అమ్మితే ఎక్కువ గిట్టుతుందని లెక్కేసుకున్నారు. అంచులు ఎంత కోశారో, వెనక మరకలేమున్నాయో ఫ్రేము విప్పితే గానీ తెలియదు. ముప్పై ఏళ్లకు పైగా కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేయించిన చేతులు నావి. ఇలా విప్పిన పుస్తకాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ పుస్తకం సంగతి కాస్త తెలుసుకో. 1798లో నెపోలియన్ సైన్యం వెంట దాదాపు 160 మంది ఇంజనీర్లు, చిత్రకారులు, శాస్త్రవేత్తలు ఈజిప్టు వెళ్లారు. యుద్ధం చేజారింది, పుస్తకం మిగిలింది. 1809లో మొదలైన అచ్చు దాదాపు ఇరవై ఏళ్లు సాగింది. అన్నిటికన్నా పెద్ద ప్లేట్లు మీటరు పొడవుంటాయి. వాటిలో ఆకాశం నిండా సన్నటి సమాంతర గీతలు చేత్తో చెక్కాలంటే తెల్లవారుతుందని, కొంతే అనే ఆయన దానికోసం ఒక యంత్రమే కనిపెట్టాడు. పెన్సిల్ ములుకు తయారీకి దారి చూపినవాడూ ఆయనే. ఈ సంపుటాలు పెట్టుకోవడానికి ప్రత్యేకంగా బీరువాలు చేయించుకున్నారు ఆనాటి వాళ్లు. మొదటి ముద్రణ పూర్తి సెట్టు నీ లండన్ ఫ్లాట్‌లో పెడితే నువ్వు వరండాలో పడుకోవాలి. 1821 నుంచి పాంకూక్ అనే ప్రచురణకర్త వేసిన రెండో ముద్రణ ఉంది. పాఠం చిన్న సైజు పుస్తకాల్లో ఉంటుంది, రంగుల ప్లేట్లు చాలావరకు నలుపు తెలుపులోకి మారాయి. ఆ పాఠం సంపుటాలు విడిగా అప్పుడప్పుడు దొరుకుతాయి. ఫ్రెంచి చదవగలిగితేనే వాటి జోలికి వెళ్లు.

ఇక నువ్వడిగినది: ఎక్కడ మొదలుపెట్టాలని. “ప్రాచీన ఈజిప్టు చరిత్ర” అని బోర్డు పెట్టుకుని మొదలుపెడితే జీతం చాలదు, జీవితమూ చాలదు. ఇందులో దారులు చాలా ఉన్నాయి. లిపి చదవడం నేర్చిన వాళ్ల పుస్తకాలని ఒకరు, తవ్వకాల నివేదికలని ఒకరు, ప్రయాణ కథలని ఒకరు. నీకు నేను చెప్పే దారి ఒక్కటే. ఇవాళ ఈజిప్టు వెళ్లినా చూడలేనివి ఏ పుస్తకాల్లో ఉన్నాయో, అవి కొను. చరిత్ర నేర్చుకోవడానికైతే కొత్త పుస్తకాలు చవగ్గా, మెరుగ్గా ఉన్నాయి. రెండు వందల ఏళ్ల నాటి పుస్తకంలో ఊహలు, సిద్ధాంతాలు మూడొంతులు కొట్టుకుపోయి ఉంటాయి. కొట్టుకుపోనిది ఆ మనిషి నిలబడి కళ్లారా చూసి గీసుకున్నది. ఎలిఫెంటైన్ దీవిలో ఫ్రెంచివాళ్లు కొలతలు తీసి గీసిన చిన్న గుళ్లను 1822లో రాళ్ల కోసం పడగొట్టేశారు. అర్మంత్‌లో క్లియోపాత్రా కట్టించిన జన్మమందిరం 19వ శతాబ్దంలో చక్కెర ఫ్యాక్టరీ కట్టడానికి రాళ్లయిపోయింది. రోమన్ల నాటి ఆంటినోయ్ నగరం స్తంభాలదీ అదే గతి. ఇప్పుడవి కాగితం మీదే ఉన్నాయి.

ఈ దారిలో నేను ముందు పెట్టేది బెల్జోనీని. ఇటలీలోని పాడువాలో పుట్టి, ఆరడుగుల ఆరంగుళాల ఎత్తుతో లండన్ నాటకశాలలో బరువులెత్తి పొట్టపోసుకున్న మనిషి. ఈజిప్టు చేరి, బ్రిటిష్ కాన్సుల్ హెన్రీ సాల్ట్ పంపగా రామ్సెస్ రాతి తలను నైలు ఒడ్డుకు లాగించి లండన్‌కు చేర్చాడు. బ్రిటిష్ మ్యూజియంలో నువ్వు చూసిన తల అదే. 1817 అక్టోబరులో రాజుల లోయలో ఒక సమాధి తెరిచాడు. గోడల మీద రంగులు నిన్న వేసినట్టున్నాయట. అప్పటికి చిత్రలిపి చదవడం ఎవరికీ రాదు. షాంపోలియన్ తాళం తీసింది 1822లో. అందుకని బెల్జోనీ పుస్తకంలో ఆ రాజు పేరు ప్సామ్మిస్ అని ఉంటుంది. నిజానికది మొదటి సేతీ సమాధి. ఇలాంటి తప్పులు చూసి పుస్తకాన్ని చిన్నచూపు చూడకు. లిపి తెలియని మనిషి గీతను ఊహతో సర్దలేడు, కనబడినదే గీస్తాడు. కాపీలో కొన్ని అక్షరాలు తలకిందులైనా సరే, ఆ గీతల్లో పాండిత్యం చేరలేదు.

తర్వాత ఆ సమాధికి పట్టినది చెబుతాను. తడి కాగితం గోడకు అద్ది అచ్చులు తీస్తే రంగు కాగితంతోపాటు ఊడొచ్చింది. వాన నీళ్లు లోపలికి చేరాయి. 1829లో షాంపోలియన్ ఒక పలక, రోసెల్లీని ఒక పలక కోయించి పారిస్‌కూ ఫ్లారెన్స్‌కూ పట్టుకెళ్లారు. తర్వాత వచ్చిన లెప్సియస్ ఒక స్తంభం ముక్క బెర్లిన్‌కు చేర్చాడు. ముగ్గురూ మహా పండితులు, ముగ్గురి పుస్తకాలూ నీలాంటివాళ్లు కలలుగనే పుస్తకాలే. లెప్సియస్ గ్రంథంలో 894 ప్లేట్లున్నాయి. గీసినవాళ్లే కోసినవాళ్లు కూడా. అరలో ఆ పుస్తకాలు పెట్టుకునేటప్పుడు ఈ సంగతి మరిచిపోవద్దు. కోశారు కదా అని కొనడం మానేయనూ అక్కర్లేదు.

డబ్బు తీసే ముందు ఒక శనివారం లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లో సర్ జాన్ సోన్ మ్యూజియానికి వెళ్లు. టికెట్ లేదు. సేతీ శవపేటిక అక్కడి కింది అంతస్తులో ఉంది. బ్రిటిష్ మ్యూజియం వద్దంటే 1824లో సోన్ 2,000 పౌండ్లిచ్చి కొన్నాడు. లోపల దీపం పెడితే వెలుగు బయటికి కనబడేంత పల్చటి అలబాస్టర్ రాయి. చెక్కిన అక్షరాల గుంటల్లో నీలం రంగు నింపి ఉండేది, ఇప్పుడది చాలావరకు రాలిపోయింది. దగ్గరగా వంగి చూస్తే అక్కడక్కడ గుంట మూలన నీలం ఇంకా కనబడుతుంది. అది చూసి వచ్చాక బెల్జోనీ ప్లేట్లు తెరువు. ఎందుకు కొంటున్నావో నేను చెప్పనక్కర్లేదు.

కొనేటప్పుడు సంగతి. 1820లో జాన్ మర్రే వేసిన పాఠం ఒక పుస్తకం, రంగుల ప్లేట్లు వేరే పెద్ద సంపుటం. రెండూ విడిగా తిరుగుతుంటాయి. ప్లేట్ల సంపుటం లక్షల్లో పలుకుతుంది, దాన్ని ఇప్పుడు మరిచిపో. పాఠం మాత్రం కొనగలిగిన వస్తువే. తర్వాత 1822లో రెండు చిన్న సంపుటాలుగా వచ్చిన ముద్రణ ఇంకా అందుబాటు. ముందు తుర్కీ వేషంలో బెల్జోనీ బొమ్మ ఉందా, మడత మ్యాపు ఉందా, చివర అతని భార్య సారా అక్కడి ఆడవాళ్ల గురించి రాసిన భాగం ఉందా చూడు. ఆ చివరి భాగం చాలామంది తిరగెయ్యను కూడా తిరగెయ్యరు. మగ యాత్రికులకు తలుపు తీయని ఇళ్లలోకి ఆమె వెళ్లింది మరి.

ఏ పుస్తకమైనా సరే, డబ్బు పంపేముందు ఆకులు లెక్కపెట్టించుకో. అమ్మేవాడు “కొలేటెడ్” అన్నాడంటే లెక్క చూశానని మాటిచ్చినట్టు. ఆ మాట లేకపోతే నువ్వే అడుగు. నీ తరానికున్న సుఖం ఏమిటంటే ‘డిస్క్రిప్షన్’ను అలెగ్జాండ్రియా గ్రంథాలయం, లెప్సియస్ ప్లేట్లను హాలే విశ్వవిద్యాలయం స్కాన్ చేసి అందరికీ పెట్టాయి. పూర్తి ప్రతి ఎలా ఉండాలో ముందు అక్కడ చూసి, ప్లేట్ల జాబితా రాసుకుని, అప్పుడు కొట్టుకు వెళ్లు. రంగుల ప్లేటయితే కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టు. ఇంగ్లండు కాగితంలో తయారీదారు వాట్‌మన్ పేరూ, పక్కనే ఏడాదీ నీటి గుర్తుగా కనిపించవచ్చు. పుస్తకం మీద 1820 అని ఉండి కాగితంలో 1830 కనబడితే అది తర్వాత తీసిన ప్రతి. రంగు గోధుమ మచ్చల మీదుగా పరుచుకుని ఉంటే అది ఈమధ్య ఎవరో పూసిన రంగు. మచ్చలు కాగితానికి వయసుతో వస్తాయి, రంగు వాటికంటే ముందే పడి ఉండాలి.

చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్స్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 1846 నుంచి 1849 వరకు వచ్చిన అతని ‘ఈజిప్ట్ అండ్ నూబియా’ లిథోగ్రాఫులను విప్పి అమ్మినంతగా మరే పుస్తకాన్నీ విప్పలేదేమో. కానీ నీ దారికి అందులో ఫిలే దేవాలయం మంటపం ఉంది. స్తంభాల తలల మీద పచ్చ, నీలం, ఎరుపు నిలిచి ఉన్న ఫిలే. 1902లో అస్వాన్ ఆనకట్ట పూర్తయ్యాక ఏటా నెలల తరబడి గుడి నీళ్లలో నానింది, రంగులు కరిగిపోయాయి. 1970ల్లో గుడిని విప్పి పక్క దీవిలో కట్టారు గానీ రంగును ఎవరు కట్టగలరు? 1855 తర్వాత డే అండ్ సన్ వేసిన చిన్న సైజు ముద్రణ ఉంది. అట్ట ఊడినదైనా పర్లేదు, ప్లేట్లన్నీ ఉన్న సంపుటమే తీసుకో.

నీ జీతానికి సరిపోయి, నా మనసుకు నచ్చినది అమీలియా ఎడ్వర్డ్స్ ‘ఎ థౌజండ్ మైల్స్ అప్ ద నైల్’. 1873-74 చలికాలంలో పడవెక్కి అబూ సింబెల్ మీదుగా నైలు రెండో జలపాతం దాకా వెళ్లింది. పుస్తకం మీద 1877 ఉంటుంది. బొమ్మలు తన స్కెచ్చుల నుంచి చెక్కించినవే. రాబర్ట్ హే అనే ఆయన ఏనాడో అబూ సింబెల్‌లో ఒక మహా విగ్రహం ముఖానికి పోత అచ్చు తీయించి వదిలేసిన తెల్లటి సున్నం మరకలు చూసి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. పడవ మనుషుల చేత గోకించి, మిగిలిన తెలుపు కనబడకుండా చిక్కటి కాఫీ పూయించింది. బకెట్ల కొద్దీ కాఫీ కాచలేక వంటవాడు లబోదిబోమన్నాడు. ఇప్పుడు ఆ విగ్రహాలు అక్కడ లేవు. 1960ల్లో కోసి కొండ మీదికి ఎత్తారు. ఎడ్వర్డ్స్ గీసినది నది ఒడ్డున, ఇసుకలో కూరుకున్న అబూ సింబెల్. తర్వాత 1882లో ఈజిప్టు తవ్వకాల నిధి స్థాపించడంలో ముందు నిలబడింది కూడా ఆవిడే. 1877 ప్రతి దొరక్కపోతే తర్వాతి ముద్రణైనా చదువు, కానీ డబ్బు పెట్టేది మాత్రం మొదటిదానికే.

టుటన్‌ఖామున్ జోలికి వెళ్లొద్దంటే వింటావా? చిన్నప్పుడు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీ ముందు నుంచి నిన్ను లాక్కురావడానికి మీ అమ్మా నేనూ పడ్డ పాట్లు నాకు గుర్తే. ఆ రాజు సమాధి తెరిచిన హవర్డ్ కార్టర్ పుస్తకం కాసెల్ వాళ్లు మూడు సంపుటాలుగా 1923, 1927, 1933లో వేశారు. మొదటిది సహచరుడు మేస్‌తో కలిసి రాసినది, కొల్లలుగా అమ్ముడై మళ్లీ మళ్లీ అచ్చయింది. మూడోది వచ్చేనాటికి జనం మోజు తీరిపోయింది కాబట్టి అదే అరుదు. మూడూ కలిపి “ఫస్ట్ ఎడిషన్ సెట్టు” అని చూపిస్తే మొదటి సంపుటం శీర్షిక పేజీ వెనక చూడు, చాలాసార్లు పునర్ముద్రణ బయటపడుతుంది. బడ్జ్ అనే ఈజిప్టు పండితుడి పుస్తకాలకు మాత్రం పాత ధర పెట్టకు. పండితులు వాటిని ఎప్పుడో పక్కన పెట్టారు. డోవర్ రీప్రింటులు చవగ్గా దొరుకుతాయి.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. పాత పుస్తకాల సంతల్లో కొందరు పుస్తకం పక్కనే సమాధుల్లో పెట్టే మట్టి ఉషబ్తీ బొమ్మ, పాపిరస్ ముక్క చూపిస్తారు. ముట్టుకోకు. 1983 నాటి 117వ చట్టంతో ఈజిప్టు పురావస్తువుల వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించింది. అంతకుముందే బయటికొచ్చిందని రుజువు కాగితాలు లేకుండా అది దొంగసొత్తు అనుకోవడమే క్షేమం. పుస్తకాల్లోనూ లైబ్రరీ ముద్ర కనిపిస్తే, దానిమీద తొలగించినట్టు రెండో ముద్ర ఉందో లేదో చూడు. లేకపోతే బిల్లు మీద అమ్మినవాడి పేరూ, ఎక్కడి నుంచి వచ్చిందో రాయించుకో.

దాచడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రేడియేటర్ గోడకు ఆనించొద్దు, చిరిగినచోట సెల్లోటేపు పెట్టొద్దు, తోలు అట్టకు నూనె రాయొద్దు. గ్లవ్స్ వద్దు, కడిగి తుడుచుకున్న చేతులు చాలు. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన చెక్క గుజ్జు కాగితం మాత్రం అంచులు పొడిపొడిగా రాలుతుంది, దాన్ని పూర్తిగా వెల్లకిలా తెరవొద్దు. కాకినాడ ఇంటికి మాత్రం పంపకు. ఆ సముద్రపు తేమకు నెల తిరక్కముందే బూజు పడుతుంది. పంపితే నా దగ్గరికి, హైదరాబాదుకు పంపు.

ఎడ్వర్డ్స్ మొదటి ముద్రణ ఒకటి చూశానని రాశావు కదా, బొమ్మల జాబితా పేజీ, శీర్షిక పేజీ, వెన్ను, మూడింటి ఫొటోలు పంపు, చూసి చెబుతాను. బేరం ఆడటానికి మొహమాటపడకు, అక్కడా పది శాతం అడిగితే తగ్గిస్తారు. మీ అమ్మకు మాత్రం ధర పౌండ్లలోనే చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ